మెట్ల గదిలో కమాన్ పట్టీ

ఆ దసరా నాటికి మా నాయిన నాతో మాట్లాడటం మానేసి నాలుగు నెలలు దాటింది. రెండు గదుల కిరాయి పోర్షన్‌లో ఉంటూ ఒక మనిషితో మాట్లాడకుండా గడపాలంటే చాలా నేర్పు కావాలి. మా నాయినకు అది పుష్కలంగా ఉంది. నేను ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే అమ్మ వైపు తిరిగి, "దానికి చెప్పు, మెట్రో కార్డుల పైసలు ఏసిన" అనేవాడు. అమ్మ నాకు చెప్పేది. నేను అప్పటికే వినేసి ఉన్నా, అమ్మ చెప్పేదాకా ఆగి, అప్పుడు "సరే" అనేదాన్ని. నాకూ పొగరు తక్కువేమీ కాదు.

మా మధ్య మాటలు ఆగిపోవడానికి కారణం ఎనిమిది కిలోల ఇనుము. పోట్లాడే రోబో. ఇలాంటివి రెంటిని మందపాటి ప్లాస్టిక్ గోడల పంజరంలో వదిలిపెడతారు. బయట నిలబడి రిమోట్‌తో నడిపిస్తాం. మూడు నిమిషాలు అవి ఒకదాన్నొకటి చితక్కొట్టుకుంటాయి. కదలలేనిది ఓడినట్టు. నా దానికి రెండు చక్రాలు, ముందు భాగంలో జానెడున్నర పొడవు అడ్డ బ్లేడు. అది నేలకు బెత్తెడు ఎత్తులో, ఫ్యాను రెక్కలాగా తిరుగుతుంది. బీటెక్ చివరి ఏడాది నలుగురం కలిసి మొదలుపెట్టాం. చదువు అయిపోగానే ముగ్గురూ ఉద్యోగాల దారి పట్టారు. రోబో నాకు మిగిలింది, నేను రోబోకు మిగిలాను.

మా నాయినది ఆటోనగర్‌లో కమాన్ పని. లారీ కింద బరువు మోయడానికి వంపు తిరిగిన ఇనుప పట్టీలు దొంతరగా ఉంటాయి, వాటిని కమాన్ పట్టీలంటారు. వాటిని విప్పడం, కాల్చడం, సాగగొట్టడం, మళ్ళీ బిగించడం ఆయన ముప్పై ఏళ్ళ పని. నల్లగొండ దగ్గరి ఊరి నుంచి వచ్చిన మొదటి వారం నుంచీ అదే షెడ్డు. చిన్నప్పుడు నేను సద్ది డబ్బా తీసుకుపోతే షెడ్డు గడప దాటనిచ్చేవాడు కాదు. "ఆడనే నిలబడు" అనేవాడు. నేను రోడ్డు మీద నిలబడితే ఆయనే బయటికి వచ్చి డబ్బా అందుకునేవాడు. నా బిడ్డ ఇనుము ముట్టకుండ బతకాలె అని ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు. అలాంటి మనిషికి ఒకరోజు పక్క వీధి లేత్ మిషన్ ఆయన, "మీ బిడ్డ మంచి పనిమంతురాలే, పట్టీకి తొర్ర ఎట్ల ఏయాల్నో నాకే చెప్పింది" అన్నాడట. మెచ్చుకుందామనే అన్నాడు పాపం. ఆ సాయంత్రం నుంచి నాయిన నాతో మాట్లాడలేదు. మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో నన్ను బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేర్పించాడు. ఏ బ్యాచ్, ఎన్ని గంటలకు అన్నది కూడా అమ్మ నోటితోనే చెప్పించాడు.

కోచింగ్ గురించి చెడ్డగా చెప్పడానికి నాకు పెద్దగా కారణాలు లేవు. బాగా చెప్పేవాళ్ళు. కానీ రెండు వందల మందిని ఒక హాల్లో కుక్కి, బెంచీల వరసలు ఎంత దగ్గరగా వేశారంటే, గోడ పక్కన కూర్చున్నవాళ్ళు మధ్యలో లేవాలంటే ఆరుగురిని లేపాలి. నేను రోజూ ఆలస్యంగా పోయేదాన్ని కాబట్టి నాకు రోజూ గోడ పక్కే. ఎనిమిది మంది గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్నారు, ఎవరి ఎడమ పక్కన ఎవరున్నారు అని బోర్డు మీద లెక్క నడుస్తుంటే, ఈ ఎనిమిది మంది లేచి ఇళ్ళకు ఎందుకు పోరు అని నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. చైతన్యపురి స్టేషన్‌లో రైలు ఎక్కే హాస్టల్ పిల్లలందరి చేతుల్లో అవే పుస్తకాలు. ఎల్బీనగర్‌లో దిగి ఇంటికి నడిచి వచ్చేసరికి నేను ఏం చదివానో నాకే గుర్తుండేది కాదు. ఆ రోజుల్లో నాకు ఊపిరాడినట్టు అనిపించిన చోటు ఒక్కటే, మా మేడ మీది మెట్ల గది.

ఆ గది మాది కాదు, ఓనర్ ఆంటీది. భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. అందులో వాళ్ళ పాత పరుపులు, విరిగిన మడత కుర్చీలు, ఒక చెడిపోయిన కూలరు ఉండేవి. "మా సామాను జోలికి పోకుండా ఏం చేసుకుంటావో చేసుకో తల్లీ, చప్పుడు మాత్రం చెయ్యకు" అని తాళంచెవి ఇచ్చింది. చప్పుడు చేయకుండా పోట్లాడే రోబోను తయారు చేయడం ఎట్లాగో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. కోచింగ్ నుంచి వచ్చి అక్కడే కూర్చునేదాన్ని. దసరా అయిన మూడు వారాలకు నగరం అవతల ఒక కాలేజీలో పోటీ ఉంది. బాగా చేసినవాళ్ళను చూసుకోవడానికి కంపెనీల వాళ్ళు వస్తారు, అక్కడికక్కడే మాట్లాడి తీసుకుంటారు అని సీనియర్లు చెప్పారు. ఆ గుండ్రటి బల్ల నుంచి లేచిపోవడానికి నాకు కనిపించిన దారి అదొక్కటే.

దసరా పొద్దున్నే నాయిన షెడ్డులో పూజ చేసుకుని వచ్చాడు. ఆ రోజు పనిముట్లకు సెలవు. ఆయన మేడ మీద పిట్టగోడ నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అమ్మ ఇంట్లో ఉన్న కత్తిపీట నుంచి నా సైకిలు దాకా అన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టి, చివరికి మెట్ల గదికి వచ్చింది. నా రోబో ముందు ముగ్గు వేసి, దీపం పెట్టి, బొట్లు పెట్టి, చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టి, మీద బంతిపూల దండ వేసింది.

"ఇగ ఒక్కపారి తిప్పు" అంది.

"ఇప్పుడెందుకమ్మా?"

"పూజ జేసినంక మిషిన్ తిరగాలె. మీ నాయిన షెడ్డుల గూడ డ్రిల్లు మిషిన్ ఒక్క చక్కరు తిప్పినంకనే కొబ్బరికాయ కొడ్తడు. తిరగకుంటే పూజ చెల్లది."

నేను వద్దు అనాల్సింది. బ్లేడు బిగించి ఉన్న రోబోను పంజరం లేకుండా ఆన్ చేయకూడదు అన్నది ఈ పనిలో మొట్టమొదటి నియమం. కానీ బయట నాయిన కూర్చుని ఉన్నాడు. నాలుగు నెలలుగా నేను చేసింది ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. చూడకపోతే పోయె, కనీసం దాని చప్పుడైనా వినాలి అనిపించింది. నిజం చెప్పాలంటే పూజ కోసం కాదు, ఆయన కోసమే తిప్పాను.

అమ్మను బయటికి పంపి, ఎవరూ లోపలికి రాకుండా నేనే గడియ పెట్టాను. దండ తీసి పక్కన పెట్టాను. దీపాన్ని మూలకు జరిపాను. రోబో పైన ఎర్రటి ప్లగ్గు ఒకటి ఉంటుంది, అది పెడితేనే కరెంటు పారుతుంది, లాగేస్తే అంతా ఆగిపోతుంది. అది పెట్టి, వెనక్కి నడిచి, గది అవతలి మూలన కూలరు పక్కన నిలబడి రిమోట్ మీది మీట పుల్లను నెమ్మదిగా పైకి తోశాను. బ్లేడు వేగం అందుకుంది. చిన్న గది కాబట్టి మోత చెవుల్లో కాదు, పళ్ళలో వినిపించింది. నాకు గర్వంగా అనిపించింది. పుల్లను ఇంకాస్త పైకి తోశాను.

బ్లేడు గాలికి పక్కన పెట్టిన దండ లేచి దాని మీద పడింది. ఇంట్లో గుచ్చిన దండ అయితే తెగిపోయేది. కొత్తపేట రోడ్డు మీద కొన్నది, ప్లాస్టిక్ దారంతో గుచ్చారు. దారం బ్లేడుకు చుట్టుకుని, రెండో కొస కొరడాలాగా వచ్చి నా చేతి మీద కొట్టింది. రిమోట్ కింద పడి పగిలి, మూత ఊడి, బ్యాటరీలు పరుపుల కిందికి దొర్లిపోయాయి. రోబో ఒక్క ఎగురు ఎగిరి గోడను కొట్టి, సిమెంటు పెళ్ళలు రాల్చి, తలుపుకు వీపు ఆనించి నిలబడింది. బ్లేడు మాత్రం నా వైపు తిరిగి, అదే వేగంతో తిరుగుతూనే ఉంది.

రిమోట్ నుంచి సంకేతం ఆగిపోతే మోటర్లు వాటంతట అవే ఆగిపోవాలి. దానికొక సెట్టింగ్ ఉంటుంది. వారం కిందట లోపలి రిసీవర్ మార్చినప్పుడు ఆ సెట్టింగ్ మళ్ళీ చేయాల్సింది. రేపు చేద్దాంలే అనుకున్నాను. కోచింగ్‌లో ఆ వారం రెండు మాక్ టెస్టులు ఉండె.

తలుపు లోపలికి తెరుచుకుంటుంది. గడియ తీయాలంటే బ్లేడు పక్క నుంచి చేయి చాపాలి. ఎర్ర ప్లగ్గు బ్లేడుకు జానెడు వెనక. గదికి కిటికీ లేదు.

"ఏమైందే?" అని అమ్మ తలుపు కొట్టింది.

"తలుపు ముట్టుకోకు. ఆగుతలేదు" అన్నాను.

"మెయిన్ బంజేస్తనుండు" అంటూ అమ్మ కిందికి పరుగెత్తింది. అది బ్యాటరీతో నడుస్తుందని నేను అరిచేలోపు ఇంటి మొత్తానికి కరెంటు తీసేసింది. గదిలో బల్బు కూడా పోయింది. మూలన దీపం వెలుగులో బ్లేడు కనిపించలేదు, అది తిరిగే చోట గాలి వణికినట్టు మాత్రం కనిపించింది. కింద నుంచి ఓనర్ ఆంటీ, "ఏంటమ్మా ఆ మోత? మా మెట్ల గదిలో పిండిమిల్లు గానీ పెట్టారా ఏంటి? మా టీవీ ఎందుకు పోయింది?" అంటోంది.

అప్పుడు తలుపు అవతల నాయిన గొంతు వినిపించింది.

"బ్యాటరీ ఎంతసేపు ఒస్తది?"

నన్నే అడుగుతున్నాడని అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది.

"ఏం కొట్టకుండ ఊరికెనే తిరిగితే... పావుగంట పైనే."

"సరే. ఆ మూలకే ఉండు. అది ఏం పట్టీ?"

"కమాన్ పట్టీ. ట్రాలీ ఆటోది."

"కొన్నవా?"

ఆ సమయంలో కూడా అబద్ధం చెబుదామా అని ఆలోచించాను. ఆయన షెడ్డు వెనక తుక్కు కుప్పలో నుంచి తెచ్చానని ఆయనకు తెలియదు. ఆయన లేని పూట పోయి తీసుకున్నాను. "నీ షెడ్డు ఎనుకకెల్లి తెచ్చిన" అన్నాను.

"విరిగిందా? నిండుదా?"

"విరిగిన దాంట్ల సగం ముక్క. మిగిలింది మంచిగనే ఉండె."

"మంచిగ ఉండది బిడ్డా" అన్నాడు. ఆ మాట చాలా మెల్లగా అన్నాడు. "కమాన్ పట్టీ ఒక్కకాడనే ఇరగది. ఇరిగిన పట్టీల కానరాని నెర్రెలు ఇంక ఉంటయి. అందుకే దాన్ని మళ్ళ ఏ బండికీ ఎయ్యం. తూకానికి ఏస్తం. అది ఎప్పుడన్న పగుల్తది."

మోసి మోసి అలసిన లోహంలో కంటికి కనిపించని పగుళ్ళు ఎట్లా పుడతాయో, ఎట్లా పాకుతాయో పరీక్షలో పది మార్కుల జవాబు రాసినదాన్ని నేను. బొమ్మ కూడా వేశాను. ఆ బొమ్మకూ, నేను చేతులతో మోసుకొచ్చిన ముక్కకూ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు. కమాన్ షెడ్డులో మూడో రోజు పనికి వచ్చినవాడికి తెలిసే సంగతి అది. ముప్పై ఏళ్ళుగా అదే పని చేసేవాడి కూతురికి తెలియలేదు.

"అండ్ల పరుపులు ఉన్నయా?"

"ఉన్నయి."

"దూదివా?"

"దూదివే."

"రెండు నిలబెట్టి ముందల అడ్డం పెట్టుకో. గోడ మూలకు ఆనుకొని కూసో. తలకాయ పైకి ఎత్తకు. ఇనుము ముక్క దూదిల చిక్కుకుంటది, రేకునైతే చీరుకొని పోతది. ఆ కూలరు ఎనుక దాక్కోకు."

నేను అప్పటికే కూలరు వెనక్కి చేరి నిలబడి ఉన్నాను. పరుపులు లాక్కుని వాటి వెనక కూర్చున్నాను. పాత దూది వాసన, దుమ్ము, బొద్దింకల మందు వాసన. పరుపు అవతల ఆ మోత. తలుపు పల్చటి చెక్కది అని అప్పుడు గుర్తొచ్చింది.

"నాయినా, నువ్వు పక్కకు జరుగు."

"నాకు ఎరుకే."

"పక్కకు జరుగు నాయినా, తలుపు ఆగది."

అమ్మ ఏడుస్తూ ఆయన చేయి పట్టి లాగుతున్నట్టుంది, "పో, నువ్వు పోయి ఆంటీకి చెప్పు, కరెంటు ఏయమని" అని కసురుకున్నాడు. ఆయన గొంతు మాత్రం అంతకుముందు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడి నుంచే వస్తోంది.

"సౌండు ఎట్లున్నది? ఒక్కతీరుగ ఉన్నదా, కొట్టుకుంటున్నదా?"

విన్నాను. "కొట్టుకుంటున్నది."

"సరే. తల ఎత్తకు. నేను చెప్పేది విను."

ఇక ఆయన ఆగలేదు. పట్టీని చూసి ఏ బండి మీద ఎంత బరువు మోసిందో ఎట్లా చెప్పవచ్చో చెప్పాడు. కొలిమిలో ఇనుము ఎర్రగా అయితే ఏం చేయాలి, నారింజ రంగుకు వస్తే ఏం చేయాలి, పసుపు దాటితే ఆ ముక్కను ఎందుకు పారేయాలి అన్నది చెప్పాడు. నూనెలో ముంచినప్పుడు నిలువుగా ముంచాలట, అడ్డంగా ముంచితే వంకర పోతుందట. ముంచి తీసిన తర్వాత మళ్ళీ సన్న మంట మీద కాస్త కాచకపోతే గాజులాగా పగులుతుందట. తనకు ఇది నేర్పిన ముసలాయన ఒక్కో తప్పుకు ఒక్కో దెబ్బ వేసేవాడట. నన్ను కదలకుండా కూర్చోబెట్టడానికే మాట్లాడుతున్నాడని నాకు తెలుసు. నా మాట తడబడితే ఆయన గొంతు పెంచేవాడు. ఒక్క మాట వదలకుండా విన్నాను. నాలుగు నెలల మాటలు కాదు అవి, ఇరవై రెండేళ్ళవి. మధ్యలో ఎప్పుడో, "నీకు చెప్పకపోవుడు నాదే తప్పు" అన్నాడు, వెంటనే మళ్ళీ నూనె సంగతికి పోయాడు.

ఎంతసేపు అయిందో చెప్పలేను. మోత సన్నబడింది, గుయ్యిమంది, చివరికి దారం ముక్క బ్లేడుకు తట్టుకుంటున్న టక్ టక్ చప్పుడు మాత్రం మిగిలింది. అది కూడా ఆగాక లేచి, ప్లగ్గు లాగి, రోబోను పక్కకు జరిపి గడియ తీశాను.

అమ్మ నన్ను పట్టుకుని వీపు మీద రెండు చరుపులు చరిచి ఏడ్చింది. నాయిన నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, నేరుగా బ్లేడు దగ్గర కూర్చున్నాడు. పానా తెప్పించి విప్పాడు. ఒక కొస పట్టుకుని వేలాడదీసి, పానాతో మెల్లగా తట్టాడు. గంటలాగా మోగాలి కదా. చెక్కను కొట్టినట్టు డబ్ మంది. గ్రీజు తుడవడానికి నేను పెట్టుకున్న డీజిల్ బ్లేడంతా రాసి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. అమ్మ వేసిన ముగ్గులో నుంచి పిండి చిటికెడు తీసి మధ్య తొర్ర చుట్టూ చల్లాడు. "చూడు" అన్నాడు. కాసేపటికి, పగుల్లో ఇంకిన డీజిల్ తెల్లటి పిండిలో వెంట్రుకంత సన్నటి తడి గీతగా పైకి తేలింది. తొర్ర నుంచి అంచుకు వేలెడు దూరం దాకా పోయి ఆగింది.

నేను అదే పట్టీ నుంచి ఇంకో బ్లేడు కూడా చేసి పెట్టుకున్నాను. అది తెచ్చి ఇచ్చాను. అదీ డబ్ మంది.

"ఇంకొకటి మంచి పట్టీతోని చేసియ్యవా?" అని అడిగాను. పోటీకి ఇరవై రోజులే ఉంది. అడిగినప్పుడు నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"లేదు, నేను చెయ్య" అన్నాడు. రెండు బ్లేడ్లూ గుడ్డలో చుట్టుకుని మెట్లు దిగిపోయాడు.

పోటీ రోజు వచ్చింది, పోయింది. ఆ రోజు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో గోడ పక్క బెంచీ మీద కూర్చుని, అయిదంతస్తుల భవనంలో ఎవరు ఏ అంతస్తులో ఉంటారో లెక్క వేస్తున్నాను. నాయిన ఇప్పుడు నాతో మాట్లాడుతున్నాడు, అన్నం తిన్నవా, రైలు దొరికిందా అని. ఇనుము మాట మాత్రం ఎత్తలేదు. నాకు ఆ పొడి మాటల కంటే మౌనమే నయమనిపించింది. మెట్ల గది తాళంచెవి ఓనర్ ఆంటీ వెనక్కి తీసుకుంది. ఆమెను తప్పుపట్టలేను. రోబో మా మంచం కిందికి చేరింది. ఇక ఏ దారీ లేదని రోజూ రైల్లో నిలబడి నాకు నేనే చెప్పుకునేదాన్ని.

దీపావళి అయిన తర్వాతి ఆదివారం పొద్దున నేను బట్టలు తీసుకుని స్నానానికి పోతుంటే నాయిన ఆపాడు.

"తానం ఇప్పుడే జెయ్యకు. వొచ్చినంక జేద్దువు. షెడ్డుకు పోదాం."

బండి మీద దారంతా ఏమీ మాట్లాడలేదు. ఆదివారం కాబట్టి ఆటోనగర్ ఆ వీధిలో ఎవరూ లేరు. షెడ్డు తాళం తీసి, నేను లోపలికి పోగానే షట్టర్ సగానికి దించాడు. ఎవరూ చూడకూడదని. సెలవు రోజే నన్ను ఎందుకు తెచ్చాడో అప్పుడు అర్థమైంది. కొలిమి అంతకుముందే పేర్చి ఉంది. పక్కన కొత్త పట్టీ ముక్క, నా బ్లేడు కొలతకు కోసినది. చూడగానే నాకు సంతోషం రాలేదు, కోపం వచ్చింది. ఇరవై రెండేళ్ళు ఈ గడప బయట ఎండలో నిలబెట్టి, ఇప్పుడు దొంగతనంగా లోపలికి తెచ్చాడు.

బొగ్గు అంటించి, ముక్కను పట్టుకారుతో నా చేతికే ఇచ్చి, తను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"నేను ముట్ట. నువ్వే జెయ్యాలె" అన్నాడు. "బ్యాంకు పరీక్ష గూడ రాయాలె."

"ఇన్నొద్దులు ఎందుకు చెప్పలేదు నాయినా?"

"చెప్తే ఈడికే ఒస్తవని."

"చెప్పకపోయినా ఒచ్చిన గద."

నేను జవాబు కోసం ఆయన వైపే చూస్తూ నిలబడ్డాను. నిప్పుల్లో ముక్క ఎర్రబడుతోంది.

"నా మొకం గాదు" అన్నాడు. "ఇనుము రంగు చూడు."